అంతరిక్షం పేరు పెట్టుకుంటే పరీక్షకు నిలవాలి

1971 ఆగస్టు 1న అపోలో-15 కమాండర్ డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద రెండో విడత నడక ముగించుకొని ల్యాండర్‌లోకి తిరిగొచ్చారు. చూసుకుంటే చేతి గడియారానికి అద్దం లేదు. ఎక్కడో ఊడిపడింది. అది ఆషామాషీ వాచీ కాదు, నాసా ఏరికోరి ఎంపిక చేసిన ఒమేగా స్పీడ్‌మాస్టర్. మర్నాడు మూడో విడత నడకకు స్కాట్ తన వెంట తెచ్చుకున్న బులోవా వాచీ కట్టుకొని దిగారు. ఆ బులోవా 2015లో వేలానికి వస్తే 16 లక్షల డాలర్లకు పైగా పలికింది.

చంద్రుడి మీద గడియారం అనగానే చాలామందికి 1969 జులైలో బజ్ ఆల్డ్రిన్ కట్టుకున్న వాచీ గుర్తొస్తుంది. అంతరిక్ష యాత్రల స్ఫూర్తితో గట్టి వాచీ, అదీ ఖరీదైన వాచీ తయారుచేయాలనుకునేవాళ్లకు పనికొచ్చే పాఠం మాత్రం స్కాట్ వాచీలో ఉంది. ఎన్ని పరీక్షలు నెగ్గిన వస్తువైనా ఎక్కడో ఒకచోట ఓడుతుంది. ఓడిన సంగతి కాగితం మీద పెట్టి, లోపం దిద్ది, మళ్లీ పరీక్షకు పంపేవాళ్లకే 'అంతరిక్ష వాచీ' అని చెప్పుకునే అర్హత ఉంటుంది.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద కాలు మోపాక మన దగ్గరా ఆ పేరుకు గిరాకీ పెరిగింది. డయల్ మీద రాకెట్టు, వెనక మూత మీద చంద్రుడి గుంతలు చెక్కిన వాచీలు వస్తున్నాయి. ముచ్చట పడి కొనుక్కునేవాళ్లను తప్పు పట్టాల్సిన పనిలేదు. కానీ దేశానికి రాకెట్ లోహాలు అందిస్తున్న తెలంగాణ, బొమ్మ అతికించిన వాచీ దగ్గర ఆగిపోకూడదు. నిజంగా పరీక్షకు నిలిచే వాచీ ఇక్కడ తయారు కావాలి. దాన్ని రూపొందించడానికి వరంగల్ కన్నా తగిన చోటు వెతికినా దొరకదు. ఇది ఊరి మీద అభిమానంతో అంటున్న మాట అనుకుంటే, కింది సంగతులు చూడాలి.

పదకొండు గండాలు

1964లో వ్యోమగాములకు వాచీలు ఎంపిక చేసే పని నాసా ఇంజినీరు జేమ్స్ రేగన్ చేతికి వచ్చింది. నాలుగు కంపెనీలు ముందుకొచ్చాయి. ఒకటి జేబు గడియారం పంపడంతో అది మొదట్లోనే పక్కకు పోయింది. మిగిలిన మూడు వాచీలను పదకొండు పరీక్షలకు పెట్టారు.

71 డిగ్రీల వేడిలో 48 గంటలు, వెంటనే 93 డిగ్రీల్లో అరగంట. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో 4 గంటలు. గాలి దాదాపు పూర్తిగా తోడేసిన గదిలో వేడికీ చలికీ మధ్య 15 సార్లు అటూ ఇటూ తిప్పడం. 95 శాతం తేమలో 240 గంటలు. భూమ్యాకర్షణకు 40 రెట్ల తాకిడి, ఆరు దిక్కుల నుంచి. 130 డెసిబెల్స్ హోరులో అరగంట. వీటికి తోడు స్వచ్ఛమైన ఆక్సిజన్, అధిక పీడనం, గాలి తీసేయడం, కుదుపు, వేగం. ఒక వాచీ తేమ గదిలో ఆగిపోయింది. ఇంకోదాని అద్దం వేడికి వంగి ఊడొచ్చింది. ఒమేగా ఒక్కటే చివరిదాకా నడిచి, 1965 మార్చి 1న అర్హత పొందింది.

నడిచిందంటే మచ్చ పడకుండా బయటపడిందని కాదు. గాలి తీసేసిన పరీక్షలో అది 21 నిమిషాలు ముందుకు పరుగెత్తింది. వేగం పెంచిన పరీక్షలో 15 నిమిషాలు వెనకబడింది. చీకట్లో మెరవాల్సిన పూత పాడైపోయింది. ఇవన్నీ నాసా రికార్డులో ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే ఏది ఎంతవరకు నమ్మాలో వ్యోమగాములకు తెలిసింది. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 దారి తప్పే ప్రమాదంలో పడినప్పుడు, ఇంజిన్‌ను సరిగ్గా 14 సెకన్లు మండించి దారి సరిచేయాల్సి వచ్చింది. ఆ 14 సెకన్లను లెక్కపెట్టింది చేతి గడియారమే.

ఆ వాచీ రూపంలో ప్రతి చిన్న సంగతికీ కారణం ఉంది. నల్లటి డయల్ మీద తెల్ల ముళ్లు ఎందుకంటే, ఎండ కళ్లలో కొట్టేచోట కూడా ఒక్క చూపులో టైము కనబడాలి. అద్దం గాజుతో కాక ప్లాస్టిక్‌తో చేశారు. గాజు పగిలితే ముక్కలు క్యాబిన్‌లో తేలుతూ కంట్లో పడతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పేస్‌సూట్ మీదుగా చుట్టుకోవాలి కాబట్టి బెల్టు అంత పొడుగు. అందం కోసం పెట్టినది దాదాపు ఏదీ లేదు. అయినా అరవై ఏళ్లుగా జనం దాన్ని అందమైన వాచీ అంటూ లక్షలు పోసి కొంటున్నారు. డిజైన్ చదివే పిల్లలకు ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఏముంటుంది?

మూడు గడియారాలూ ఆగిపోతే

గడియారం నిలవడమంటే ఏమిటో మన దేశానికి బాగా తెలుసు. ఆ పాఠానికి ఇస్రో పెద్ద ధరే చెల్లించింది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ ఉపగ్రహం మన సొంత నావిగేషన్ వ్యవస్థలో మొదటిది. దారి చూపే ఉపగ్రహానికి గడియారమే ప్రాణం. సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా నేల మీద 300 మీటర్ల పొరపాటు వస్తుంది. అందుకే అందులో మూడు రుబీడియం అణు గడియారాలు పెట్టారు. ఒకటి పనిచేస్తుంటే రెండు సిద్ధంగా ఉంటాయి. 2017 మొదట్లో బయటపడిన సంగతి ఏమిటంటే, మూడూ ఆగిపోయాయి.

మూడూ విదేశం నుంచి తెచ్చినవే, మూడూ ఒకే రకం. యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాల్లోనూ అవే గడియారాలు ఇబ్బంది పెట్టాయి. చంద్రుడి మీద స్కాట్‌ను ఆదుకున్న రెండో వాచీ వేరే కంపెనీది, వేరే తయారీ. అందుకే మొదటిదాని బలహీనత దానికి లేదు. ఒకే లోపం ఉన్న మూడు వస్తువులు పక్కపక్కన పెట్టుకుంటే ఆ భరోసా దొరకదు.

తర్వాత ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. పాత ఉపగ్రహం స్థానంలో పంపిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ 2017 ఆగస్టులో ఉష్ణ కవచం విడిపోక విఫలమైంది. 2018 ఏప్రిల్‌లో 1ఐ వెళ్లింది. ఈలోగా అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ సొంత రుబీడియం గడియారం మీద పనిచేసింది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి లేచిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మన దేశంలో తయారైన అణు గడియారం మొదటిసారి అంతరిక్షానికి చేరింది. బయట కొన్నది ఆగిపోయినప్పుడు సొంతంగా చేసుకోవడం నేర్చుకున్నారు. అణు గడియారం చేయగలిగిన దేశంలో చేతి గడియారాలు చేసే కంపెనీలు మాత్రం చాలావరకు లోపలి మిషను కోసం జపాన్ వైపో స్విట్జర్లాండ్ వైపో చూస్తున్నాయి.

మన మానవసహిత అంతరిక్ష యాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా పేర్లను 2024 ఫిబ్రవరి 27న ప్రకటించారు. శుక్లా 2025 జూన్, జులైల్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వచ్చారు కూడా. శ్రీహరికోట నుంచి మన రాకెట్‌లో మన మనుషులు లేచే రోజున వాళ్ల చేతికి ఏ వాచీ ఉంటుందన్నది చిన్న ప్రశ్న కాదు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ కట్టుకున్న ష్తుర్మాన్‌స్కీ మాస్కోలోని ఫ్యాక్టరీలో తయారైంది. చైనా వ్యోమగాములు తమ దేశపు ఫియటా వాచీ కట్టుకున్నారు. అమెరికా ఒక్కటే స్విస్ వాచీని నమ్ముకుంది, అది కూడా మూడు కంపెనీలను ఒకే తీరున పరీక్షించిన తర్వాతే.

ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగే పరీక్ష

స్విస్ క్రోనోమీటర్ ధ్రువపత్రం ఉన్న వాచీ అంటే ఖరీదైన వాచీల్లో గౌరవం ఎక్కువ. ఆ ధ్రువపత్రం కోసం మిషనును పదిహేను రోజుల పాటు ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో చూస్తారు. ఆ మూడు 8, 23, 38 డిగ్రీలు. యూరప్‌లో 38 అంటే పెద్ద ఎండే. వరంగల్‌లో ఏప్రిల్ రాకముందే ఆ గీత దాటుతుంది. మే నెలలో 45 దరిదాపుల్లోకి పోతుంది. ఆ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వాచీ పెట్టి మరిచిపోతే, నాసా 71 డిగ్రీల పరీక్ష ఇంటి ముందే మొదలైనట్టు.

వేడి ఒక్కటే కాదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి సీజన్లో గాలిలో తేలే నూగు, దుమ్ము ఎంత సన్నగా ఉంటాయో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. చెమట సంగతి చెప్పనక్కర్లేదు. వరంగల్ చౌరస్తాలోనో హన్మకొండ చౌరస్తాలోనో గాజు పెట్టె వెనక కూర్చొని, కంటికి భూతద్దం బిగించుకొని పనిచేసే వాచీ మెకానిక్ ముందు అయిదు నిమిషాలు నిలబడితే, మన దగ్గర వాచీలు దేనివల్ల చచ్చిపోతాయో కళ్లకు కడుతుంది. వెనక మూత తీయగానే అంచు చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు ఎండి, పెళుసై, సూదిమొనకు తగలగానే ముక్కలైపోతుంది. కీ తిప్పే గొట్టం చుట్టూ చెమట ఉప్పు తెల్లగా పేరుకొని ఉంటుంది. అక్కడి నుంచే తేమ లోపలికి దిగి డయల్ మీద మచ్చ వేస్తుంది, పళ్ల చక్రాలకు తుప్పు పట్టిస్తుంది. మిషను ఎంత ఖరీదైనదైనా దాన్ని చంపేది రెండు రూపాయల రబ్బరు.

అంతరిక్షంలోనూ ఇదే కథ, కాకపోతే వేరే దిక్కు నుంచి మొదలవుతుంది. గాలి లేని చోట మామూలు నూనెలు మెల్లగా ఆవిరై పోతాయి, ఆ ఆవిరి అద్దం లోపలి వైపు మసకలా పడుతుంది. నూనె లేని ఇరుసు అరిగిపోతుంది. చంద్రయాన్-3 ల్యాండర్‌లోని చేస్ట్ పరికరం చంద్రుడి నేలలోకి దిగి చూసినప్పుడు పైన 50 డిగ్రీలకు మించి వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున సున్నాకు దిగువన 10 డిగ్రీల చలి కనిపించాయి. జానెడు లోతు కూడా లేని చోట అంత తేడా. ఒక్కో పదార్థం వేడికి ఒక్కోలా వ్యాకోచిస్తుంది కాబట్టి, కేసు, అద్దం, వాటి మధ్య బిగువు ఈ తేడాను తట్టుకునేలా కుదరాలి. స్కాట్ వాచీ అద్దం ఊడింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

అందుకే ఇక్కడ రూపొందే వాచీకి ఒక పరీక్షా పట్టిక ఉండాలి. అందులో సగం అంతరిక్షం నుంచి, సగం వరంగల్ వీధి నుంచి రావాలి. వేడి, చలి, గాలి లేని గది, కుదుపు అక్కడివి. చెమట ఉప్పునీళ్లు, పత్తి నూగు, బైక్ హ్యాండిల్ మీద గతుకుల రోడ్డు అదురు ఇక్కడివి. వాచీల తాకిడికి ఐఎస్‌ఓ ప్రమాణం ఒక మీటరు ఎత్తు నుంచి చెక్క నేల మీద పడ్డంతటి దెబ్బను లెక్కలోకి తీసుకుంటుంది. మన ఇళ్లలో నేల గ్రానైటు, షాబాద్ బండ. ఆ నేలకు తగ్గ దెబ్బతో వాచీని కొట్టి చూడాలి.

లోహం మన దగ్గరే

గట్టి వాచీకి కేసు దేనితో చేయాలి? అంతరిక్షాన్ని తలచుకుంటే టైటానియం మాట ముందు వస్తుంది. ఉక్కుతో పోలిస్తే బరువు దాదాపు సగం. ఉప్పునీటికి లొంగదు. చర్మానికి పడనివాళ్లు అరుదు. ఎక్కువగా వాడే మిశ్రమంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలుస్తాయి. రాకెట్లలో, విమానాల్లో వాడేదీ అదే.

ఆ లోహంతో తెలుగు నేల అనుబంధం ఈనాటిది కాదు. టైటానియం ఖనిజమైన ఇల్మనైట్ శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో పుష్కలంగా ఉంది. ఖనిజం నుంచి టైటానియం స్పాంజ్ తీసే సాంకేతికతను హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసింది. దాని ఆధారంగా కేరళలోని చవరలో 2011లో ప్లాంటు మొదలైంది. ఆ లోహాన్ని మిశ్రమాలుగా, కడ్డీలుగా, రేకులుగా మార్చే మిశ్రధాతు నిగమ్ (మిధాని) కంచన్‌బాగ్‌లో 1973లో పుట్టింది. చంద్రయాన్-3ని మోసిన రాకెట్‌కు టైటానియం, నికెల్, కోబాల్ట్ మిశ్రమాలు అందించింది ఆ మిధానియే.

టైటానియంతో రెండు చిక్కులున్నాయి. వేడిని త్వరగా వదలదు కాబట్టి, కోసేటప్పుడు ఆ వేడంతా పనిముట్టు మొన దగ్గర నిలిచి మొనను తినేస్తుంది. ఇంకోటి, పైపొర మెత్తన. తలుపు గొళ్లెం తగిలినా గీత పడుతుంది. లక్ష రూపాయలు పెట్టి కొన్న వాచీ నెలలోపే గీతలతో నిండితే ఎవరికైనా బాధే. దీనికి మందు ఉపరితలాన్ని గట్టిపరచడం. బాలాపూర్ దగ్గరి పరిశోధన సంస్థ ఆర్కీ అలాంటి పూతల మీద కూడా దశాబ్దాలుగా పనిచేస్తోంది. లోహం, పూత, పరిశోధన మూడూ ఒక్క రాష్ట్రంలో ఉండి, వాచీ కేసు మాత్రం బయటి నుంచి రావాల్సిన అవసరం లేదు.

మరి వరంగల్ ఎందుకు? దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ, నేటి నిట్, ఇక్కడే పుట్టింది. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత 1961లో బెంగళూరులో తయారైన మొదటి హెచ్‌ఎంటీ వాచీలను విడుదల చేసిందీ ఆయనే. ఒకటి ఇంజినీర్లను తయారుచేయడానికి, ఇంకోటి సామాన్యుడి చేతికి నమ్మకమైన టైము ఇవ్వడానికి. నిట్‌లో లోహశాస్త్ర విభాగం, మెకానికల్ విభాగం రెండూ ఉన్నాయి. హైదరాబాద్ దారిలో గంట ప్రయాణంలో పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తీసే కంసాలుల ఊరు. ఇంకో వైపు కరీంనగర్ వెండి తీగ పని. వెండ్రుక లాంటి వెండి తీగను మెలితిప్పి, వంచి, అతికి పువ్వులు అల్లే ఆ చేతులకు మిల్లీమీటరులో పదో వంతు తేడా కంటికి ఆనుతుంది. వాచీ డయల్ తయారీకి కావాల్సిన నేర్పు అదే.

పరీక్షించి కొనే సంప్రదాయం కూడా ఈ ప్రాంతానికి పాతదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు ఒకప్పుడు పర్షియాకు వెళ్లి డమాస్కస్ కత్తులైంది. 1820ల్లో అక్కడికి వచ్చిన హెన్రీ వాయిసీ రాసిపెట్టిన సంగతి ఒకటుంది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి సరుకు కట్టించుకొని వెళ్లిపోలేదు. ఉక్కు కాచేచోటే ఉండి, పాళ్లు తూకం వేయించి, తయారైన ఉక్కును పరీక్షించి తీసుకున్నాడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఖరీదు పెట్టింది ఆ పరీక్షకు నిలిచిన ఉక్కుకే.

మియాపూర్‌లో మిగిలిన పేరు

తెలంగాణ చేతి గడియారం చేయలేదా? చేసింది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు, ఫ్రిజ్‌లతో పాటు 1980ల్లో జపాన్ సైకో సహకారంతో వాచీలూ తయారుచేసింది. ఇప్పుడు ఆ పేరు మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తాగా, కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీగా మిగిలింది. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. 1984లో పుట్టి, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టిన టైటాన్ మాత్రం నిలదొక్కుకుంది. వాచీ భాగాలు చేసిన నేర్పుతోనే దాని అనుబంధ సంస్థ టీల్ ఇవాళ విమానయాన రంగానికి భాగాలు చేసి ఇస్తోంది. వాచీ నుంచి విమానానికి దారి ఉంటే, రాకెట్ భాగాల నుంచి వాచీకీ దారి ఉంటుంది. 2022 నవంబరు 18న దేశంలో ప్రైవేటు రంగపు తొలి రాకెట్ విక్రమ్-ఎస్‌ను పంపిన స్కైరూట్ హైదరాబాద్‌దే. సన్నని భాగాలను కచ్చితమైన కొలతలతో కోసే వర్క్‌షాపులు నగరం చుట్టూ ఉన్నాయి.

ప్రయత్నాలూ మొదలయ్యాయి. 2018లో మొదలైన బెంగళూరు వాచ్ కంపెనీ ఇస్రో యాత్రల స్ఫూర్తితో అపోజీ పేరిట టైటానియం వాచీలు తెచ్చింది. ఖరీదైనా కొనేవాళ్లు ఉన్నారని అలాంటి కంపెనీలు చూపించాయి. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ పుట్టింది పటియాలాలో అయినా, పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది హైదరాబాద్‌లో. 2021, 2022ల్లో అంతరిక్ష కేంద్రంలో 177 రోజుల యాత్రకు కమాండర్‌గా వ్యవహరించిన రాజా చారి తండ్రిదీ హైదరాబాదే. ఈ కథలున్న రాష్ట్రం సొంత వాచీ గురించి ఆలోచించకపోవడమే ఆశ్చర్యం.

రూపం ఎక్కడి నుంచి రావాలి

వరంగల్ వాచీ అనగానే డయల్ మధ్యలో కాకతీయ తోరణం ముద్రించేద్దామని ఎవరో ఒకరు అంటారు. తోరణం ఇప్పటికే బస్టాండు నుంచి శుభలేఖ దాకా ప్రతిచోటా ఉంది. కాకతీయుల నుంచి తీసుకోవాల్సింది బొమ్మ కాదు, పనితనం.

వరంగల్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. గోపురానికి నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, పై బరువు తగ్గాలని. పునాదిలో ఇసుక నింపారు, అదురు నేల నుంచి గుడికి ఎక్కకుండా మధ్యలో తగ్గిపోవాలని. చెక్కడానికి మాత్రం కష్టమైన నల్లరాయి ఎంచుకున్నారు, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా నునుపు పోకూడదని. ఎక్కడ తేలిక కావాలో అక్కడ తేలిక, ఎక్కడ గట్టిదనం కావాలో అక్కడ గట్టిదనం, అదురును మింగడానికి మధ్యలో ఒక మెత్తని పొర. గట్టి వాచీ లోపలి నిర్మాణం కూడా ఇంతే. తేలికైన టైటానియం కేసు, గీత పడని గట్టి అద్దం, మిషనుకూ కేసుకూ మధ్య దెబ్బను మింగే రింగు.

అద్దం విషయంలో ఒక నిర్ణయం తప్పదు. కృత్రిమ నీలం (సఫైర్) అద్దం కాఠిన్యంలో వజ్రం తర్వాతి వరసలో ఉంటుంది, గీతలు పడవు, కానీ గట్టి దెబ్బకు పగిలి ముక్కలవుతుంది. ప్లాస్టిక్ అద్దానికి గీతలు పడతాయి, కానీ అది ముక్కలుగా పగలదు. భూమ్మీద తిరిగే వాచీకి నీలం అద్దమే మంచిది. అంతరిక్షానికి వెళ్లే వాచీకి ప్లాస్టిక్ మంచిది. రెండూ ఒకే వాచీలో దొరుకుతాయని అమ్మకపుటాశతో చెప్పకూడదు. కావాలంటే రెండు రకాలూ చేసి, ఏది దేనికో రాసి అమ్మాలి.

డబ్బు దేనికి పోవాలి

విలాసం అంటే బంగారం, వజ్రాలు అన్న అలవాటు మనకు బలంగా ఉంది. లక్ష రూపాయల వాచీలో బంగారు పూతకు ఎంత పోయింది, ప్రకటనల్లోని సినిమా హీరోకు ఎంత పోయింది, పరీక్షకు ఎంత పోయిందని కొనేవాళ్లు అడగాలి. అంతరిక్ష స్ఫూర్తి ఉన్న వాచీకి ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు. ఆ ఎక్కువ మొత్తం లోహంలోకి, కొలతల కచ్చితత్వంలోకి, పరీక్షల్లోకి, ముప్పై ఏళ్ల తర్వాత కూడా దొరికే విడిభాగాల్లోకి పోవాలి.

విడిభాగాల సంగతి గట్టిగా చెప్పాలి. వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పదీసి, పునాదిని మళ్లీ పటిష్ఠం చేసి, రాళ్లు తిరిగి పేర్చి, దాదాపు రెండు దశాబ్దాల తర్వాత 2024 మార్చిలో తెరిచారు. అంతకాలం పట్టడం విచారకరమే. అయినా 1163 నాటి కట్టడాన్ని ఇవాళ విప్పి మళ్లీ నిలబెట్టగలగడానికి మొదట కట్టినవాళ్ల తీరే కారణం. ఈ రోజుల్లో చాలా వాచీలు చెడిపోతే మిషను మొత్తం మార్చడమే తప్ప బాగుచేయడం కుదరదు. మరి అలాంటి దాన్ని మనవడికి ఇవ్వగలిగే వాచీ అని ఎలా అంటారు? వరంగల్ వాచీ రేఖాచిత్రాలు, రబ్బరు రింగుల కొలతలు చౌరస్తాలోని మెకానిక్‌కు కూడా అందుబాటులో ఉండాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ కోసం బెంగళూరుకో ముంబైకో పోస్టు చేయాల్సిన గతి పట్టకూడదు.

ఫోనులో టైము కనబడుతుంటే వాచీ ఎందుకని, స్విస్ కంపెనీలతో పోటీ పడటం మన వల్ల అవుతుందా అని సందేహం రావడం సహజం. అవసరం కోసం వాచీ కొనే కాలం పోయిన మాట నిజమే. మిగిలిన కొనుగోలుదారుడు కథను, పనితనాన్ని, మన్నికను చూసి కొంటాడు. ఆ మూడూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. స్విస్ కంపెనీలతో మొదటి రోజే పోటీ అక్కర్లేదు. మిషను మొదట బయటి నుంచే కొనొచ్చు, ఆ మాట వాచీ మీదే రాయాలి. కేసు, అద్దం బిగింపు, డయల్, పరీక్ష ఇక్కడ జరిగితే చాలు. హెచ్‌ఎంటీ కూడా జపాన్ సిటిజన్ సహకారంతోనే మొదలైంది. నేర్చుకున్నాక ముందుకు పోకపోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఇదంతా ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టి చేయాల్సిన పని కాదు. నిట్ వరంగల్ లోహశాస్త్ర, మెకానికల్ విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వాలి, పెంబర్తి, కరీంనగర్ కళాకారులను పారితోషికం ఇచ్చి డిజైన్ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. నమూనాల తయారీకి హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. వేడి, తేమ, కుదుపు పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఈటీడీసీ ఉంది. మిధాని చిన్న మొత్తాల్లో టైటానియం కడ్డీలు అమ్మడానికి ఒప్పుకుంటే చాలు. మొదటి విడతలో వంద వాచీలు చేస్తే పదింటిని పరీక్షల్లో విరిగేదాకా కొట్టాలి. ఏ పరీక్షలో ఎన్ని ఆగిపోయాయి, ఎంత ముందుకు పోయాయి, ఎక్కడ అద్దం ఊడింది అన్న పట్టికను తెలుగులో ముద్రించి, మిగిలిన తొంభై వాచీల పెట్టెల్లో ధ్రువపత్రంతో పాటు పెట్టి అమ్మాలి. ఆ పట్టికను ఇస్రోకు పంపి, గగన్‌యాన్ సిబ్బంది కోసం వాచీల ఎంపిక జరిగినప్పుడు తమ వాచీని మిగతావాటితో పాటు పరీక్షకు పెట్టమని అడగాలి.